దుప్పటి రెండో కొస

మంచం పట్టిన మనిషి కింద దుప్పటి మార్చాలంటే ఇద్దరు కావాలి. ఒకరు మనిషిని తమ వైపు ఒత్తిగిల్లించి పట్టుకోవాలి, ఇంకొకరు పాతది చుట్టి కొత్తది పరవాలి. మా అత్తగారు పడిపోయిన ఈ రెండేళ్లుగా ఆ రెండో మనిషి మా అమ్మాయే. పొద్దున్నే మైదానం నుంచి చెమటలు కక్కుతూ వస్తుంది, చేతులు కడుక్కుని "నానమ్మా, ఒకటి, రెండు, మూడు" అంటుంది. "మెల్లగా తిప్పవే బొంగరమా, నేనేం పందెంలో లేను" అంటారావిడ. ఇద్దరూ నవ్వుకుంటారు. నేను దుప్పటి లాగుతాను. నాకు నవ్వు రావడం ఎప్పుడో మానేసింది. ఏడుపూ రావడం లేదు, అది వేరే సంగతి.

అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎనిమిది వందల మీటర్లు పరుగెడుతుంది. నిరుడు పోటీలో మొదటి చుట్టులోనే వెనకాల పిల్ల మడమ తొక్కితే బూటు ఊడిపోయింది. ఆగలేదు. ఒంటి బూటుతో అందరికంటే చివర వచ్చి, ఊడిన బూటు వెతుక్కుని తెచ్చుకుంది. మర్నాడు నాకంటే ముందే లేచి పరుగుకి వెళ్లింది. వాన పడినా, పరీక్షలున్నా ఏడాదంతా వెళ్లింది. ఈసారి అన్ని స్కూళ్ల మీదా మొదట వచ్చింది. పేపర్లో ఫొటో పడింది. మా ఆయన దాన్ని ఆఫీసుకి పట్టుకెళ్లి "అంతా నా పోలికే. చిన్నప్పుడు నేనూ బస్సు వెనకాల భలే పరుగెత్తేవాణ్ణి" అని చెప్పుకున్నారట. నేను కాజాలు కుట్టే బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరూ చూశాడు. "మీ పిల్ల అంత స్పీడు. నువ్వేమో ఇవాళ కూడా యాభై చొక్కాలు వెనకబడ్డావు" అన్నాడు. తలూపి మిషన్ ముందు కూర్చున్నాను.

ఆ గెలుపుతోనే క్రీడల స్కూల్లో సీటొచ్చింది. అక్కడే హాస్టల్, అక్కడే చదువు, మంచి కోచ్. రెండు నిమిషాల పది సెకన్లలోపు పరుగెత్తాలని, ఆ తర్వాత దేశం తరఫున పోటీ పడాలని దాని ఆశ. "అక్కడైతే అవుతుందమ్మా, ఇక్కడ కాదు" అంటూ సంతకం కోసం కాగితం నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో స్కూలు కాగితాలు నేను నింపుతాను, ఆయన సంతకం పెడతారు. అమ్మాయిని బడిలో చేర్చిన రోజు నేను పెన్ను తీస్తే "నీ సంతకం ఎక్కడ చెల్లుతుంది?" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ కాగితం ఆయన దాకా వెళ్లలేదు. బీరువాలో బట్టల కింద పెట్టేశాను. అమ్మాయి వెళ్లిపోతే దుప్పటి రెండో కొస ఎవరు పట్టుకుంటారు? బుర్రలో అదొక్కటే తిరిగింది. ఆయన గుమ్మంలో నిలబడి "అమ్మా, తిన్నావా" అని అడుగుతారు, అంతే. "అవన్నీ నాకు చేతకావు" అంటారు. అమ్మాయి అడిగినప్పుడల్లా "మీ నాన్న చూద్దామన్నారు" అన్నాను. వెంటనే నమ్మింది. ఆయన మీద అలాంటి మాట ఏది చెప్పినా ఇట్టే అతుకుతుంది. నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లుకున్నట్టుంది.

తొమ్మిది రోజులు గడిచాయి. కాగితం ఇవ్వడానికి రేపే ఆఖరనగా సాయంత్రం అమ్మాయి ఆరిన బట్టలు మడతపెడుతూ మామూలుగా అంది: "నాన్న ఒప్పుకోరులేమ్మా. అక్కడి సార్‌కి రానని చెప్పేస్తా. అయినా నానమ్మని నువ్వొక్కదానివే ఎలా తిప్పుతావు?"

అమ్మయ్య అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను. పద్నాలుగేళ్ల పిల్ల తన పరుగు మానుకుని నా నడుము గురించి ఆలోచిస్తుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయికే భయం వేసింది. పెళ్లైన కొత్తలో అత్తగారు కూడా "నువ్వు ఇంట్లో ఉంటే నాకు సగం బరువు తగ్గుతుందే" అని ప్రేమగానే అన్నారు. నేను టీచర్ ట్రైనింగ్ మానేశాను. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు.

లేచి బీరువా తెరిచాను. కాగితం చివర "తల్లి లేదా తండ్రి సంతకం" అని అచ్చులో ఉంది. అన్ని రోజుల్లో ఆ ముక్క ఒక్కసారి కూడా చదవలేదు. సంతకం పెట్టాను. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి.

చేతికిస్తే దాని ముఖం వెలిగిపోయింది. "నాన్న ఒప్పుకున్నారా?" అంటూ ఆయన ఉన్న గదిలోకి పరుగెత్తబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"మీ నాన్న కాదనలేదే. ఆయన అసలీ కాగితమే చూడలేదు. నువ్వు వెళ్లకూడదని నేనే దాచాను."