గిడ్డమ్మ కాలు

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు శేషిరెడ్డి ఇంటరు పాసయ్యాడు. మార్కులు వచ్చాయి గానీ వయసు చాల్లేదు. మెడికల్ కాలేజీలో చేరాలంటే పదిహేడు నిండాలి. వచ్చే ఏడు రమ్మన్నారు.

ఆలూరు దగ్గర సొంత ఊళ్లో కొన్నాళ్లు తండ్రి వెంట చేలకు పోయాడు. ఆ ఏడు జొన్న ఎండిపోయింది గనక చేలో చేసేదేమీ లేదు. అరుగు మీద కూచుని చదివిన పుస్తకాలే మళ్లీ చదివాడు.

"డాక్టరయ్యేవాడు ఏడాదంతా అరుగు అరగదీస్తా కూచుంటాడా?" అన్నాడు తండ్రి ఓ రోజు అన్నం ముందు.

శేషిరెడ్డి హెల్తు ఇన్‌స్పెక్టరు అబ్దుల్ కరీం దగ్గరికి పోయి, జీతం వద్దు, పని కావాలన్నాడు.

"పనికేం కొదవప్పా," అన్నాడు కరీం. "నాగరకుంటకు పో. ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. సగం మందికి నారికురుపు. మెట్లు మూసి, గోడ కట్టి, గిలకలు పెట్టాల. సిమెంటు నేను తెప్పిస్తా. ఊరోళ్లు ఒప్పుకోవాల, చెయ్యి వెయ్యాల. నేను చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. నువ్వు రెడ్డి కొడుకువి. నీ మాట వింటారేమో చూడు."

నారికురుపంటే కాల్లో పెరిగే పురుగు. దారమంత సన్నం, రెండు మూరల పొడవు. ఎండాకాలం చీలమండ దగ్గర బొబ్బ లేచి పగులుతుంది, అందులోంచి తల బయట పెడుతుంది. నిప్పు పెట్టినట్టు మండుతుంది. మంట తీరడానికి మనిషి కాలు నీళ్లలో పెడతాడు. పెట్టగానే పురుగు ఆ నీళ్లలో పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్లు తాగినవాడి కాల్లో ఏడాదికి కొత్త పురుగు బయటికొస్తుంది. నాగరకుంటలో కడవ ముంచాలంటే మోకాలిదాకా నీళ్లలోకి దిగాల్సిందే.

శేషిరెడ్డి బడి వసారాలో మకాం పెట్టాడు. చలికాలమంతా ఇంటింటికీ తిరిగి చెప్పాడు. "మా తాతలు తాగినారు, మేం తాగుతాండాం," అన్నారు. టీ హోటలు సుంకప్ప కూచోబెట్టి టీ ఇచ్చి, "నీళ్లలో పురుగుంటే కనపడదా రెడ్డీ? మాకు కండ్లు లేవా?" అన్నాడు.

అతని మాట విన్నది గిడ్డమ్మ ఒక్కతే. సుంకప్ప హోటలుకూ నాలుగైదు ఇండ్లకూ నీళ్లు మోసి బతికే ముసలిది. ఉగాది ముందర ఆమె కాల్లోంచి పురుగు తల బయట పెట్టింది. అతను రోజూ పొద్దున దాన్ని చీపురుపుల్లకు చుట్టి, వేలి వెడల్పు బయటికి లాగి కట్టు కట్టేవాడు. ఎక్కువ లాగితే తెగుతుంది, తెగితే కాలు కుళ్లుతుంది.

"ఇంత ఓపిగ్గా నీ పెండ్లాం జడ గూడ అల్లవు నాయినా," అనేది గిడ్డమ్మ.

"కదలగాకవ్వా."

"కదిల్తే తెగుతాదని భయం నాకు లేదు, నీకే శానా ఉండాది."

కరీం ఇచ్చిన పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. అది ఊరికి చూపిద్దామనుకున్నాడు శేషిరెడ్డి. ఆ రోజు ఊళ్లో కనీసం పదిమంది కాళ్లకు గుడ్డలున్నాయి. కాలు చూపమని అడిగితే అందరూ పంచెలు కిందికి లాక్కున్నారు. గిడ్డమ్మ, "నా కాలు చూసి ఎవుడు మనువాడనొస్తాడు, పెట్టుకో," అంది.

బావిగట్టు మీద ఊరంతా చేరింది. తెల్లనిది నల్లదాంట్లో బాగా కనిపిస్తుందని సుంకప్ప దగ్గర ఇనుప బాండలి అడిగి తెచ్చి, నీళ్లు పోసి, గిడ్డమ్మను కాలు పెట్టమన్నాడు. కాసేపటికి పుండులోంచి పాలలాంటిది నీళ్లలోకి జారి మబ్బులాగా పరుచుకుంది. వెనక ఒకామె వాంతి చేసుకుంది.

"ఇదే మీరు తాగుతాండేది," అన్నాడు శేషిరెడ్డి. పురుగు బయటపడేది ఏడాదికని, ఇప్పుడు మూసినా, ఇప్పటికే ఆ నీళ్లు తాగినవాళ్లకు వచ్చే ఎండాకాలం ఒకసారి వచ్చే పోతుందని కూడా చెప్పాడు. పాలు చూసిన తర్వాత ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

సాయంత్రానికి ఊరు ఒప్పుకుంది. మెట్లు మూద్దామన్నారు, కూలి లేకుండా చేస్తామన్నారు. సుంకప్ప తన బాండలి వెనక్కి తీసుకోలేదు.

రెండు రోజులకు గిడ్డమ్మ బావిగట్టున ఖాళీ కడవతో కూచుని కనిపించింది. ఆమెను మెట్లు దిగనివ్వడం లేదు. కాలికి పురుగున్నవాళ్లు దిగొద్దని శేషిరెడ్డి చెప్పిందే. ఆమె నీళ్లు హోటల్లోనూ ఇండ్లలోనూ వద్దన్నారు. అది తను చెప్పలేదు.

"నీ కడవలో ఎవురన్నా పోస్తాండారా అవ్వా?"

"పోస్తాండార్లే. నువ్వు పో, నీ పని చూసుకో."

ఆ కడవ అడుగు పొడిగా ఉంది. అతను చూశాడు. గుడ్డల కాళ్లవాళ్లు ముగ్గురు అదే మెట్లు దిగి నీళ్లు ముంచుతున్నారు. వాళ్లను పేరు పెట్టి ఆపితే ఊరు అడ్డం తిరుగుతుంది, సిమెంటు ఇంకా రాలేదు. గోడ లేచేదాకా ఊరుకుందామనుకున్నాడు. తన బిందెలోవి ఆమె కడవలో పోసి, పుల్ల ఎలా చుట్టుకోవాలో చూపించి, మర్నాడు బస్సెక్కి మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకు కర్నూలు పోయాడు.

ఈ ఏడాది ఏం చేశావని అక్కడ అడిగారు. బావి సంగతి, బాండలి సంగతి చెప్పాడు. పెద్దాయన ఒకాయన తల ఊపి, మంచి పద్ధతి అన్నాడు.

సిమెంటు కోసం ఆదోనిలో ఆగి, వారం దాటాక నాగరకుంట చేరాడు. గిడ్డమ్మ గుడిసెలో చాప మీద ఉంది. ఊళ్లో నీళ్లు పుట్టక ఆమె రోజూ వంకదాకా నడిచి, ఆ ఎండిన వాగు ఇసకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకుందట. నడకలో పురుగు తెగింది. కాలు తొడదాకా వాచింది. ఒళ్లు విల్లులా వంగిపోతోంది, పండ్లు కరుచుకుపోయాయి. ధనుర్వాతం.

అతను ఆమె కడవ తీసుకుని బావికి పరుగెత్తాడు. మెట్ల దగ్గర సుంకప్ప అడ్డం నిలబడ్డాడు.

"ఆ కడవ బావిలో ముంచొద్దు రెడ్డీ. నువ్వే గదా చెప్పింది."

శేషిరెడ్డి కడవ ముందుకు చాపాడు. సుంకప్పే తన బిందెలోంచి ఎత్తి, కడవకు తగలకుండా పోశాడు. శేషిరెడ్డి ఆ నీళ్లు తెచ్చి దూది తడిపి గిడ్డమ్మ పెదాల మీద పిండాడు. నోరు తెరుచుకోలేదు. నీళ్లు చెంప మీదుగా చాపలోకి పోయాయి. బండి కట్టించి ఆస్పత్రికి బయలుదేరాడు. ఆలూరు కనిపించకముందే ప్రాణం పోయింది.

వైశాఖంలో మెట్లు మూశారు. గోడ లేచింది, నాలుగు గిలకలు పెట్టారు. మొదటి కడవ శేషిరెడ్డే తోడాలని ఊరు పట్టుబట్టింది. తోడాడు.

"ఆ యమ్మి కర్మ," అన్నాడు కరీం తిరిగొచ్చేటప్పుడు. "ఊరు బాగుపడింది గదా."

"ఆమెకు ఈ బావి నీళ్లతోనే వచ్చింది సార్. వాళ్లకు వచ్చినట్టే."

"ఆ మాట నాకెందుకు చెప్తావప్పా? నాకు తెలీదా?"

గోడ దగ్గర ఊరంతా ఉన్నప్పుడు తను ఆ మాట అనలేదని శేషిరెడ్డికి తెలుసు. ఆ వానాకాలం అతను కాలేజీలో చేరాడు.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం కర్నూలు ఆస్పత్రి వరండాలో సుంకప్ప అతని కోసం కాచుకుని కూచున్నాడు. చేతికర్ర ఉంది. కాలికి గుడ్డ చుట్టి ఉంది.

"మళ్లా వచ్చినాది రెడ్డీ. నాకూ మా చిన్నోనికీ. ఊళ్లో ఇంకా శానామందికి."

"అది పోయినేడు తాగిన నీళ్లది. ఆ రోజే చెప్పినా."

"చెప్పినావా?" సుంకప్ప ఆలోచించాడు. గుర్తు రాలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గోడ కడ్తిమి. ముసల్ది పాయె. ఊళ్లో అందరూ ఒకటే అడుగుతాండారు. నువ్వొచ్చి చెప్పాల. ఈసారి ఎవురి కాలు నుంచి వచ్చినాది?"

శేషిరెడ్డి కింద కూచుని, సుంకప్ప కాలు ఒళ్లోకి తీసుకుని గుడ్డ విప్పడం మొదలుపెట్టాడు.