గెలిచేదాకా లేవం

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను, ఒక పేజీ నిండాలంటే రెండు పూటలు పడుతుంది. తప్పులుంటే మన్నించి దిద్దుకుని చదవండి. కథను మాత్రం వజ్రమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

సూరత్ నుంచి కడోదరా వెళ్లే దారిలో మగ్గాల షెడ్లు అయిపోయి చెరుకు పొలాలు మొదలయ్యే చోట ఒక చిన్న కాలేజీ ఉంది. ఆ కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు తొమ్మిదేళ్లుగా ఒక్క ఆట కూడా గెలవలేదు. ఆడేది చాలావరకు మన తెలుగు నేతవాళ్ల పిల్లలే. మొదటి రెండేళ్లు తల్లిదండ్రులు మురిసిపోతూ వచ్చారు. మూడో ఏడు మొహం చాటేశారు. అప్పుడు ఆటల మాస్టరు సోమలింగం ఒక ఆలోచన చేశాడు. అతనూ సిరిసిల్ల నుంచి వచ్చిన నేతకారుడి కొడుకే.

"గెలుపు నా చేతుల లేదు. జాగా నా చేతుల ఉంది," అన్నాడు.

మైదానం పక్కనున్న సిమెంటు మెట్ల మీద ఒక్కొక్కరికీ ఒక్కో చోటు ఇచ్చి, రంగుతో పేరు రాయించాడు. ఆ చోట ఇంకెవరూ కూర్చోకూడదు, కలెక్టరు వచ్చినా సరే. కొత్తరకం మగ్గాలు వచ్చాక నాడెలతో పని లేకుండా పోయింది. దారం కండెను కడుపులో పెట్టుకుని మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తిన ఆ కొయ్య నాడెలు షెడ్ల వెనక గోనెసంచుల్లో పడి ఉంటే, సోమలింగం మోసుకొచ్చి మనిషికొకటి పంచాడు. ఆట జరుగుతున్నంతసేపూ దాంతో మెట్టు అంచు మీద కొట్టాలి. అరవై నాడెలు ఒక్కసారి మోగితే షెడ్డు నడిచినట్టే ఉండేది. ఓడిపోయాక పిల్లలే కెటిళ్లు పట్టుకుని మెట్లెక్కి, పేరు పేరునా పిలిచి చాయ్ పోసేవాళ్లు. ఓడిన పిల్ల కళ్లు తుడుచుకుంటూ పోసిన చాయ్ తాగినవాడు మరుసటి ఆటకు రాకుండా ఎట్లా ఉంటాడు?

వజ్రమ్మ భర్త లక్ష్మీరాజం మూడో వరసలో, ఆమెకు ఎడమ పక్కన కూర్చునేవాడు. నలభై ఏళ్లు మగ్గం నడిపి కుడిచేతి వేళ్లు రెండు సగానికి పోగొట్టుకున్నాడు. పట్టు జారడం వల్ల అతని నాడె రెండు దెబ్బలు కొట్టి, ఒకటి తప్పి, మళ్లీ ఒకటి కొట్టేది. కండెలు చుట్టీ చుట్టీ చెవులు సగం పోయిన వజ్రమ్మకు అరవై చప్పుళ్లలో ఆ కుంటిచప్పుడు మాత్రం విడిగా వినబడేది.

ఐదో ఏట ఒకసారి పిల్లలు ఆరు గోల్స్ తేడాతో ఓడారు. జనం దులుపుకుని లేవబోతున్నారు. లక్ష్మీరాజం కదలలేదు.

"ఏందే లక్ష్మీరాజం, పండుకున్నవా?" అన్నాడు పక్కనున్న బుచ్చిరాములు.

"తాకా దిగకముందే మగ్గం ఇడిశి పోతమా? గెలిచినదాక నేను లేవ."

తాకా అంటే నూరు మీటర్ల బట్ట. అది పూర్తయి మగ్గం నుంచి దిగితే తప్ప నేతవాడు లేవకూడదని పాతవాళ్ల పట్టింపు. అందరూ పెద్దగా నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ కూర్చుని, "నేను లేవ", "నేను సుత లేవ" అన్నారు. మరి ఇళ్లకు పోవడం ఎట్లా? దానికీ లక్ష్మీరాజమే దారి చూపించాడు. నాడెను తన పేరు మీద పెట్టాడు.

"మన బదులు ఇది కూసుంటది. పాండ్రి, రాత్రిపాళీ పని ఉన్నది."

సోమలింగానికి ఆ మాట ఎంత నచ్చిందంటే వారం తిరిగేలోగా కాలేజీ గోడ మీద అడుగెత్తు అక్షరాలతో "గెలిచేదాకా లేవం" అని రాయించాడు. ఆనాటి నుంచి నాడెలు ఇళ్లకు పోలేదు. ఎండకూ వానకూ మెట్ల మీదే, పేర్ల మీదే ఉన్నాయి.

తర్వాత మనుషులు తగ్గారు. కొందరు సొంతూరికి వెళ్లిపోయి అక్కడ కన్నుమూశారు. బుచ్చిరాములు గుండె ఆగి పోయాడు. దశరథం కామెర్లతో పోయాడు. రెండేళ్ల కింద చలికాలంలో లక్ష్మీరాజం ఊపిరితిత్తుల్లో దూది పేరుకుని, డబ్బా పాలు కూడా దిగక, పోయాడు. అరవైమందిలో పదకొండుమంది మిగిలారు.

భర్త పోయిన మూడో నెలలో వజ్రమ్మ ఆటకు వెళ్లింది. ఇంట్లో గోడలు చూస్తూ ఉండలేక వెళ్లింది. తన చోట కూర్చుంది. పక్కన లక్ష్మీరాజం నాడె, అతని పేరు మీద. సోమలింగం ఈల వేశాడు. నాడెలు మోగాయి.

ఆమె మొదట సరిగ్గా పట్టించుకోలేదు. కాసేపటికి తల తిప్పి మెట్లన్నీ చూసింది. పదకొండుమంది ఉన్నారు. చప్పుడు మాత్రం అరవైమందిది. అవతలి జట్టు పిల్లలు ఆట ఆపి మరీ మెట్ల వైపు చూస్తున్నారు. ఒక పిల్ల వేలితో లెక్కపెట్టి, మధ్యలో ఆపి, చెయ్యి కిందికి దించేసింది.

అప్పుడు ఆమె ఎడమ మోచేతి దగ్గర, రెండు దెబ్బలు. ఒక ఖాళీ. ఒక దెబ్బ.

నాడె కదల్లేదు. పేరు మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. చప్పుడు మాత్రం అక్కణ్నుంచే వస్తోంది. వజ్రమ్మ భయపడలేదు. రెండు నెలలుగా పట్టని నిద్ర ఒక్కసారిగా ముంచుకొచ్చినట్టు ఒళ్లంతా తేలికైంది. "వచ్చినవా," అంది మెల్లగా.

ఆ రోజు అవతలివాళ్లకు పెనాల్టీ వచ్చింది. మన గోలు కాపలా పిల్ల హారతి, అప్పుడు మొదటి సంవత్సరం చదువుతోంది, అలవాటుగా మెట్ల వైపు చూసింది. మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నాడె ఏ పక్క నుంచి దూకుతుందో ముందే పసిగట్టే కన్ను లక్ష్మీరాజానిది. బంతి తన్నే పిల్ల నిలబడే తీరు చూసి ఏ వైపుకి కొడుతుందో చెప్పి, అరచెయ్యి అటు ఎత్తేవాడు. ఇప్పుడు ఆ చోటు ఖాళీ. కాని వజ్రమ్మ మోచేతి దగ్గర రెండుసార్లు చప్పుడైంది. ఒకటైతే ఎడమ, రెండైతే కుడి. అది షెడ్డులో మొగుడూ పెళ్లాలు మోచెయ్యి తట్టి చెప్పుకునే సైగ. ఆమె ఆలోచించకుండానే కుడిచెయ్యి ఎత్తింది. హారతి కుడివైపు దూకి బంతిని ఆపింది. ఆట మూడు గోల్స్‌తో ఓడారు, అది వేరే సంగతి.

అప్పటి నుంచి వజ్రమ్మ ఒక్క ఆటా వదల్లేదు. రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకునేది. మల్లెపూలు పెట్టుకోలేదు గాని, ఉతికిన చీర కట్టుకుని వెళ్లేది. ఓడిన ప్రతిసారీ పిల్లలతోపాటు చాయ్ తాగి, పక్కకు వంగి "మళ్ల ఆదివారం" అని చెప్పి వచ్చేది.

ఈ ఏడు పిల్లలు బాగుపడ్డారు. జనవరిలో ఒక ఆటలో, ఇంకో రెండు నిమిషాలు ఉందనగా, మనవాళ్లు ఒక గోలు ముందున్నారు. రింగ్ రోడ్ మార్కెట్ల దగ్గర ఇడ్లీ బండి నడిపే రాంప్రసాద్ కిందివరసలో గంతులేస్తున్నాడు.

"వజ్రక్కా! ఇయ్యాల గెలుస్తున్నం! ఇగ లేచి పోవచ్చు అందరం, నాలుగేండ్ల సంది కూసోని నడుములు పోయినయి!"

అందరూ నవ్వారు. వజ్రమ్మ మాత్రం పక్కనున్న నాడె వైపు తిరిగింది. గెలిచినదాక లేవ, అన్నాడు లక్ష్మీరాజం. గెలిస్తే లేస్తాడు.

అంతలోనే పెనాల్టీ. హారతి మెట్ల వైపు చూసింది. మోచేతి దగ్గర ఒక్క దెబ్బ. ఎడమ. వజ్రమ్మ రెండు చేతులూ చీర కొంగులో దాచుకుంది. మళ్లీ ఒక్క దెబ్బ, గట్టిగా. ఆమె కళ్లు మూసుకుంది. హారతి కుడికి దూకింది, బంతి ఎడమ నుంచి పోయింది. ఆ వెంటనే ఇంకో గోలు పడి ఓడిపోయారు.

హారతి కెటిలు పట్టుకుని వచ్చింది. మోచేతులు చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

"అమ్మమ్మా, చెయ్యి ఎత్తలేదేంది? నువ్వు చూడలే?"

"కండ్లు ఆనలేదు బిడ్డా."

"పర్వాలే తీ. నెక్స్ట్ టైమ్ దేఖ్ లేంగే, మళ్ల చూసుకుందం," అని ఆ పిల్ల చాయ్ పోసింది.

మరుసటి రోజు పొద్దున్నే మనసు నిలవక వజ్రమ్మ మైదానానికి వెళ్లింది. ఎవరూ లేరు. నాడెలన్నీ ఎప్పుడూ మైదానం వైపు మొన పెట్టుకుని ఉంటాయి. ఆ రోజు అన్నీ తిరిగి ఉన్నాయి. కిందివరసవి పైకి, పైవరసవి కిందికి, పక్కవి పక్కకి. ప్రతి మొనా ఆమె చోటు వైపే చూస్తోంది. ఇనుప మొనలు ఎండకు మెరుస్తున్నాయి. లక్ష్మీరాజం నాడె ఒక్కటే తిరగలేదు. అది మైదానం వైపే చూస్తోంది, బాగా అలసిన మనిషి ఇంకోవైపు మొహం పెట్టుకున్నట్టు.

వెనక అడుగుల చప్పుడైతే ఆమె ఉలిక్కిపడింది. సోమలింగం.

"నువ్వు తిప్పినవా సోమలింగం?"

"నేను ముట్ట వదినా. ఒక్కసారి ముట్టిన, సాలు." అతను రెండు మెట్ల కింద కూర్చున్నాడు. "బుచ్చిరాములన్న నాడె ఆయన ఇంట్ల ఇద్దామని తీసిన. కాలుతున్నది. పాళీ నడుమ మగ్గంల నుంచి తీస్తే ఎట్ల కాలుతదో గట్ల. మళ్ల అక్కడ్నే పెట్టిన."

"నీకు సుత ఇనబడుతదా?"

"పదకొండు తలలు లెక్కపెడుత, అరవై చప్పుళ్లు ఇంట. ఎవలికి చెప్పాలె? జనం రావాలె, నిలవాలె అని నేనే పట్టి కూసోబెట్టిన. గింత గట్టిగ కూసుంటరనుకోలే." అతను ఆమె వైపు తిరిగాడు. "నిన్న నువ్వు చెయ్యి దాసుకున్నది చూసిన వదినా. తప్పు పడుతలే. కని చప్పుడు జర మంచిగ ఇను. మొదట్ల తీరు లేదు. పాళీ మీద పాళీ చేసినోని చెయ్యి లెక్క అయింది."

ఆఖరి ఏడాది లక్ష్మీరాజం బదిలీ మనిషి రాకపోతే పగటిపాళీ మీద రాత్రిపాళీ చేసి, ఇంటికొచ్చి గడపలోనే కూలబడి, చెప్పులు విప్పడానికి కూడా చెయ్యి లేవక అట్లాగే కూర్చున్న రోజులు ఆమెకు తెలుసు. చెప్పులు తనే విప్పేది.

ఈ ఏటి ఆఖరి ఆట ఫిబ్రవరిలో. వజ్రమ్మ ఈసారి చాలాసేపు చెవిపెట్టి విన్నది. సోమలింగం చెప్పింది నిజమే. మోచేతి దగ్గర దెబ్బలు ఆలస్యంగా పడుతున్నాయి. రెండు దెబ్బల మధ్య గీసుకున్న చప్పుడు, నాడెను ఎత్తలేక ఈడ్చినట్టు. ఒకసారి అసలు ఆగిపోయి, ఉలిక్కిపడి లేచినట్టు గబగబా మొదలైంది. చుట్టూ అన్నీ అంతే. నిద్రలో తూలుతున్న షెడ్డు అది.

"ఇంటికి రారాదు," అంది ఆమె అటు చూడకుండా. "మంచం ఏసిపెడుత." చప్పుడు ఆగలేదు. అతనికి సెలవిచ్చేది ఆమె కాదు.

విరామం తర్వాత మనవాళ్లు ఒక గోలు వేశారు. రాంప్రసాద్ ఈసారి కిక్కురుమనలేదు, గెలుపు నోట అంటే ఎక్కడ జారిపోతుందో అని. ఆట ముగియడానికి కొంచెం ముందు, గోలు ముందర మన పిల్ల చేతికి బంతి తగిలింది. పెనాల్టీ.

మెట్ల మీద చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగాయి. చెరుకు ఆకుల గరగర కూడా వినబడుతోంది. అవతలి జట్టు తెల్ల చొక్కా పిల్ల బంతి పెట్టి వెనక్కి నడిచింది. హారతి తల ఎత్తి మెట్ల వైపు చూసింది.

వజ్రమ్మ చేతులు కొంగులోనే ఉన్నాయి. మోచేతి దగ్గర ఒక దెబ్బ పడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఒక్కటేనా? ఎడమేనా? అడగాలని నోరు తెరిచింది. అప్పుడు సిమెంటు మీద గీసుకున్న చప్పుడు వినిపించింది. సగం వేళ్ల చెయ్యి బరువైనదాన్ని ఈడుస్తూ, ఈడుస్తూ, పైకెత్తి, రెండో దెబ్బ వేసింది.

వజ్రమ్మ కుడిచెయ్యి కొంగులోంచి తీసి, భుజం నొప్పి పుట్టేదాకా పైకి చాపింది. దించలేదు.

హారతి కుడికి దూకింది. బంతి ఆమె గుప్పిళ్లకు తగిలి పైకి లేచి, అడ్డకర్ర మీద నుంచి అవతల పడింది. ఈల మోగింది, ఇంకోసారి పొడుగ్గా మోగింది. గెలిచారు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. పదకొండుమందిలో పదిమంది మెట్లు దిగి మైదానంలోకి పరుగెత్తారు. రాంప్రసాద్ చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. సోమలింగం మాత్రం మైదానం మధ్య నిలబడి మెట్ల వైపే చూస్తున్నాడు.

వజ్రమ్మ లేవలేదు. తన వరసలో ఎవరో ఆమె మోకాళ్లకు తగులుతూ దాటి వెళ్లారు, ఆట అయిపోయాక జనం వరసలోంచి బయటికి వెళ్లేటప్పుడు తగిలినట్టే. ఎవరూ కనబడలేదు. చల్లటి గాలి కాదు, పాళీ దిగిన మనిషి ఒంటి వేడి, నూనె వాసన, నూలు వాసన. ఆమె కాళ్లు కొంచెం ముడుచుకుంది. ఇంకొకరు దాటారు. ఇంకొకరు. కొందరు తొందరగా, కొందరు నడుము పట్టుకుని మెల్లగా. ఆమె లెక్కపెట్టలేదు. పైవరసల నుంచి కిందికి అడుగుల బరువు దిగుతూనే ఉంది.

చివరికి దాటడాలు ఆగాయి. ఎడమ పక్కన మాత్రం ఆ వేడి ఇంకా ఉంది. కదల్లేదు.

కింద నుంచి హారతి చేతులూపుతూ అరుస్తోంది, "అమ్మమ్మా, రా! చాయ్ నువ్వు పొయ్యాలె ఇయ్యాల!"

వజ్రమ్మ ఆ పిల్ల వైపే చూస్తూ, తల తిప్పకుండా, రెండు కాళ్లూ బాగా పక్కకు జరిపి దారి ఇచ్చింది.

"పో," అంది. "జర మెల్లగ దిగు, మెట్లు విరిగినయి."

మోకాలికి మోకాలు తగిలింది. కిందమెట్టు మీద ఒక కాలు ఆనింది. తర్వాత దాని కిందమెట్టు మీద.

రాసింది అడ్డగట్ల ఉషాదేవి. అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది సూరత్‌లో, ఆల్థాన్‌లో.