గంగప్ప పని

గిరాకీ ముందు చీరలు పరిచేది మా ఆయన, మడిచేది నేను. కొంగు చూపించి, అంచు చూపించి, వెలుతురులోకి లాగి ఒకదాని మీద ఒకటి పరిచేస్తాడు. వచ్చినావిడ ఒకటి కొనుక్కునో, ఏదీ నచ్చకో లేచి పోతుంది. ఆ కుప్పనంతా ఆయన తెర కిందినుంచి లోపలికి తోస్తాడు. జరీకి జరీ ఒరుసుకోకుండా మడవాలి. పాత గీతమీదే మళ్ళీ మడత పడితే పట్టు చిట్లుతుంది, అది చూసుకోవాలి. తలుపు సందుల్లోంచి వచ్చి కూచున్న ఎర్రదుమ్మును మెత్తటి పాతపంచెతో దులపాలి. ఈలోగా పొయ్యిమీద ఎసరు మరిగిపోకూడదు.

అనంతపురంలో మా ఇంటి ముందుగదే మా అంగడి. ముందు తెల్లగుడ్డ పరిచిన పరుపు, దానిమీద ఆయన. వెనక తెర. తెర వెనక బీరువాలూ, నేనూ. ఏ చీర ఏ అరలో ఉందో ఆయనకు తెలియదు. ధర్మవరం నేతగాళ్ళు మూటలు తెస్తే ఏది ఉంచుకోవాలో, ఏది తిప్పి పంపాలో పెరటి తలుపు దగ్గర చూసేదీ నేనే.

ఒకప్పుడు ఆ పని గంగప్ప అనే అతను చేసేవాడు. నయాపైసలు వచ్చిన ఏడు, జీతం చాలక, గుంతకల్లు రైల్వేలో చేరిపోయాడు. "ఇంట్లో మనిషుండగా ఇంకొకనికి జీతమెందుకు?" అంది మా అత్త కదిరమ్మ. అలా పని నాకొచ్చింది. పేరు మాత్రం అతనిదే ఉండిపోయింది. కోడలు అంగట్లో పనిచేస్తోందని నలుగురికీ తెలిస్తే మర్యాద పోతుందట. అందుకని గిరాకీ ఉన్నప్పుడు మా ఆయన శ్రీరంగప్ప తెరవైపు తిరిగి కేకేస్తాడు: "గంగప్పా, ఆ నెమలికంఠం రంగువి తియ్యప్పా!" నేను గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, చప్పుడు కాకుండా చీరలు తెర కిందికి జరుపుతాను. మాట్లాడకూడదు, దగ్గకూడదు. ఎనిమిదేళ్ళుగా ఈ అంగట్లో నేను మూగవాడైన ఒక మగమనిషిని.

పోయిన ఏడాది కాలేజీలో సాయంకాలం తరగతులు పెట్టారు. చిల్లర వర్తకం నడిపే పద్ధతుల గురించి ఏడాది చదువు, పగలు పని చేసుకునేవాళ్ళ కోసం. ఎదురంగడివాళ్ళ కొడుకు చేరాడని తెలిసి మా ఆయనకు అన్నం సయించలేదు. తను చేరదామంటే స్కూలు ఫైనలు తప్పిన మనిషి. పెళ్ళికి ముందు నేను ఇంటర్మీడియట్ పాసయ్యాననే సంగతి ఈ ఇంట్లో ఎన్నడూ ఎవరూ ఎత్తలేదు. ఆరోజు గుర్తొచ్చింది.

"నువ్వు పోయి నేర్చుకో. వచ్చి నాకు చెప్పు, సాలు."

"కాలేజంటే గౌరవమేలే. వంట చేసిపెట్టి పో," అంది అత్త. గదినిండా మగవాళ్ళున్నచోట బెంచీ మీద కూచుంటే పోని మర్యాద, సొంత అంగట్లో కూచుంటే పోతుంది!

కొనేవాళ్ళ కళ్ళు ఎటు పోతాయో చూడాలనీ, సరుకు వాళ్ళ చేతికందేట్టు పెట్టాలనీ, అందరికీ ఒకే ధర చెప్పాలనీ హనుమంతరాయుడు సారు చెప్పేవారు. సగం నాకు తెలిసినవే, తెర సందులోంచి చూసి నేర్చుకున్నవే. వాటికి పేర్లున్నాయనీ, అది చదువనీ అక్కడే తెలిసింది. ఇంటికొచ్చాక ఆయన భోంచేస్తుంటే విసనకర్రతో విసురుతూ ఆ పాఠం అప్పజెప్పేదాన్ని. మర్నాడు దాన్నే ఆయన పక్కంగడాయనకు వినిపించేవాడు: "నేనొక ఆలోచన చేసినాన్నా..." తెర వెనక చీర మడుస్తూ నేను వినేదాన్ని.

ఏడాది చివర పరీక్ష రాస్తే చాలదు. విద్యార్థి అంగట్లో కూచుని సరుకు అమ్మడం సారు వచ్చి కళ్ళారా చూడాలి. లేకపోతే చదువంతా తప్పినట్టే. మా అంగడికి శుక్రవారం వస్తానన్నారు.

"అంతేనా? రానీ," అన్నాడు మా ఆయన. "నేను అమ్ముతా, ఆయన చూస్తాడు. నువ్వు ఉగ్గాని, బజ్జీ చెయ్."

"పరీక్ష నాది."

"అంగడి నాది గదా?"

"మగోళ్ళు కూచునే పరుపు మీద కూచుంటావా ఏమ్మే?" అంది అత్త. "రేపు గల్లాపెట్టె గూడా అడుగుతావేమో!"

"నేర్చుకున్నావు, నాకు చెప్పినావు. ఇంక పాసైతేనేమి, తప్పితేనేమి?" అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కోపం కూడా లేదు. కోపమన్నా ఉంటే ఎదుట ఒక మనిషి ఉన్నట్టు ఒప్పుకున్నట్టయ్యేది.

శుక్రవారం ఉగ్గాని చేశాను. బజ్జీలు వేశాను. తెర వెనక నిలబడ్డాను.

"నాగలక్ష్మమ్మ యాడప్పా?" సారు గొంతు.

"లోపల టిఫిను చేస్తాండాది సార్. అంగడి పని ఆమెకేం తెలుస్తాది? సరదా పడితే సదువుకు పంపినా. నేను అమ్మేది చూడండి."

"ఆమె అంగట్లో పనిచెయ్యదా?"

"మా ఇండ్లలో ఆడోళ్ళు అంగట్లోకి రారు సార్."

"అట్లయితే తప్పినట్టు రాసుకోవాల్సొస్తాది."

"రాసుకోండి సార్," అన్నాడు మా ఆయన, బజ్జీ నములుతూ.

అప్పుడే పామిడి నుంచి తల్లీకూతుళ్ళు పెళ్ళిచీర కోసం వచ్చారు. "మామిడిపిందెల అంచు కావాలప్పా. కొంగు మరీ బరువుండకూడదు, పిల్ల మొయ్యలేదు," అంది తల్లి.

అది కుడివైపు బీరువాలో, రెండో అరలో, అడుగున ఉంది. నా చెయ్యి దానంతటదే లేచింది.

"గంగప్పా! మామిడిపిందెల అంచువి తియ్యప్పా!"

చెయ్యి దించుకున్నాను.

"ఏం గంగప్పా, నిద్రపోతాండావా?"

తల్లీకూతుళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. మళ్ళీ పిలిచినప్పుడు గొంతులో నవ్వు లేదు. తెర కిందినుంచి ఆయన చెయ్యి లోపలికి వచ్చి, ఖాళీ నేలను అటూ ఇటూ తడిమింది. ఆ చేతిని అలా చూడటం అదే మొదటిసారి.

అత్త వంటింట్లోంచి వచ్చి నా మోచెయ్యి పొడిచింది. "ఇయ్యవే, పిలుస్తాండాడు!"

"నన్ను పిలవలేదత్తా," అన్నాను, బయటికి వినపడేట్టు.

బీరువా తెరిచి చీర తీశాను. ఎగదోసిన గాజుల్ని మణికట్టు దాకా దించుకున్నాను. అవి గలగలమన్నాయి. తెర పక్కకు లాగి, పరుపెక్కి కూచుని, పెళ్ళికూతురి భుజం మీద కొంగు వేశాను. బరువు చూసుకోమన్నాను.

"ఈయమ్మెవరప్పా? గంగప్ప యాడ?" అంది తల్లి.

నేను సారు వైపు తిరిగాను.

"గంగప్ప పని మానుకొని ఎనిమిదేండ్లయింది సార్. అప్పటినుంచి లోపలుండేది నేనే. ఇప్పుడు రాసుకోండి."