రెండు టోకెన్లు

మల్లన్న భార్య మాణిక్యమ్మను చంపింది సర్కారు అప్పు. ఈ విషయంలో ఆయనకు అనుమానం లేదు, ఎవరితోనూ వాదన లేదు.

ముప్ఫై నాలుగేళ్లు సర్కారు బడిలో అటెండరుగా గంట కొట్టి రిటైరైతే, రావాల్సిన పైసలకు బదులు ఒక కాగితం వచ్చింది. దాని మీద టోకెన్ నంబరు. బిల్లు వరుసలో ఉంది, ఖజానాలో పైసలు పడగానే ఇస్తారని దాని అర్థం. పైసలు పడేవి. సర్కారు తెచ్చిన అప్పు తెచ్చినట్టే కొత్త పనులకు పోయేది, మిగిలింది పాత అప్పుల వడ్డీకి. మాణిక్యమ్మ గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. మల్లన్న పదకొండు నెలలు ఖజానా ఆఫీసు మెట్లెక్కాడు. పన్నెండో నెల దాకా ఆమె ఆగలేదు.

ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఆమె చీరల కింద ఉంది.

ఈ ఏడాది బజార్లు పడుకున్నాయి. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల వాళ్లే పొద్దంతా ఈగలు తోలుకుంటున్నారు. జనం చేతుల్లో పైసలు ఆడాలని సర్కారు వేల కోట్లు అప్పు తెచ్చి ప్యాకేజీ ప్రకటించింది. మల్లన్న ఉండే మాదన్నపేట గల్లీల్లో రాతి పలకలు పరుస్తారట.

రెండిళ్ల అవతల అద్దెకుండే అల్లుడు ఎల్లేష్ తాపీ మేస్త్రీ. ఆదివారం పొద్దున్నే భార్య సుజనను వెంటబెట్టుకుని వచ్చాడు. సుజనకు మూడో నెల.

"మామా, మన గల్లీ పని నాకే రాసిండ్రు. రాయికి పెట్టుబడి కావాలె. ఇంటి కాయితాలిస్తే బ్యాంకుల పెట్టి తెస్త."

"బిల్లు ఎవరిస్తరు?"

"ఇంకెవరు, సర్కారే."

"సర్కారుకు ఎవరిస్తరు?"

ఎల్లేష్ నవ్వాడు. "అప్పు తెస్తది. అన్ని దేశాలు తెస్తలేవా? గది నీకెందుకు ఫికర్?"

"గా అప్పు ఎవరు కట్టాలె?"

"మెల్లగ కడ్తరు తీ. ఆరు నెలల సంది తాపీ పట్టలే నేను. నా కింద ఎనిమిది మంది ఖాళీగున్నరు. పని పుట్టియ్యకుంటే మేమేం తినాలె మామా, నీ కోపమా?"

మల్లన్న కూతురి కడుపు వైపు చూశాడు.

"మెల్లగ కట్టేటోడు గాడున్నడు. ఇంకా పుట్టనే లేదు. ఆని నెత్తి మీద మూట పెట్టి నువ్వు రాళ్లు పరుస్తవు. కాయితాలియ్య."

"అమ్మ ఉంటే ఇచ్చేది బాపూ," అంది సుజన.

"లేదు గద."

కాగితాలు దొరక్క ఎల్లేష్ వడ్డీల బాబురావు దగ్గర నూటికి నెలకు ఐదు చొప్పున వడ్డీకి తెచ్చాడు. రెండు నెలల్లో గల్లీ నున్నగా తయారైంది. పిల్లలు చెప్పులు లేకుండా ఉరికారు. ఆ రాళ్ల మీద కాలు పెట్టినప్పుడల్లా మల్లన్నకు మాత్రం కింద బోలుగా ఉన్నట్టు అనిపించేది.

దసరా ముందు ఎల్లేష్ జిలేబీ పొట్లంతో వచ్చాడు.

"టోకెన్ పడ్డది మామా!"

మల్లన్న పొట్లం ముట్టలేదు. బీరువా తెరిచి, చీరల కింది కాగితం తీసి అల్లుడి కాగితం పక్కన పెట్టాడు. అదే ముద్ర. తేదీల మధ్య నాలుగేళ్లు.

"నీది రిటైర్మెంట్, మాది ప్యాకేజీ. అలగ్ ఖాతా, దానికి దీనికి సంబంధం లేదు," అన్నాడు ఎల్లేష్. తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దీపావళి తర్వాత బాబురావు మనుషులు ఇద్దరు రోజూ పొద్దున గల్లీ మొదట్లో స్కూటర్ ఆపడం మొదలుపెట్టారు. అరిచేవాళ్లు కాదు, తిట్టేవాళ్లు కాదు. చాయ్ తాగి, ఎల్లేష్ తలుపు వైపు కాసేపు చూసి పోయేవాళ్లు. ఒకరోజు వాళ్లలో ఒకడు మల్లన్నకు దండం పెట్టాడు.

"పెద్దాయనా, గీ ఇల్లు నీదేనా? మంచిగున్నది."

మొదటి ప్యాకేజీ చాలలేదని సర్కారు ఇంకా పెద్దది ప్రకటించింది. ఈసారి దీపాల స్తంభాలు. వారానికే యంత్రం వచ్చి, కింద తీగలు వేయడానికి రాతి పలకలు పెకలించసాగింది. ఎల్లేష్ ఉత్త కాళ్లతో ఉరికొచ్చాడు.

"ఆపు భాయ్! నా రాళ్లివి. ఇంకా బిల్లు రాలే!"

కొత్త కాంట్రాక్టరు కృపాకర్ అతని భుజం మీద చెయ్యేశాడు. "మాకు గూడ టోకెనే ఇస్తరంట అన్నా. జర జరుగు."

మధ్యాహ్నం దాకా ఎల్లేష్ పగిలిన పలకల కుప్ప మీదే కూర్చున్నాడు. తర్వాత స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోకెన్ జేబులో పెట్టుకుని బండి మీద ఆఫీసుకు వెళ్లాడు. ఆ సాయంత్రం రాలేదు. మూడో రోజు మూసీ ఒడ్డున అతని బండి దొరికింది. మనిషి దొరకలేదు.

నిండు నెలలతో సుజన ట్రంకు పెట్టె తీసుకుని తండ్రి గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనక గల్లీ జనం.

"నువ్వు ముందే చెప్పినవు మల్లన్నా," అన్నాడు పక్కింటి భిక్షపతి. "పోరడు ఇనలే."

సుజన తండ్రి మొహంలోకి చూసింది. "అను బాపూ. చెప్పిన గద అని నువ్వు గూడ అను. ఒక్కపారి అని ఊకో."

మల్లన్న పెట్టె అందుకుని లోపల పెట్టాడు.

"చెప్పిన," అన్నాడు. "కాయితాలు గూడ ఇయ్యలే. గింతే. గీ ముచ్చట ఇంకోపారి నా ముందట ఎవ్వరు ఎత్తొద్దు. సచ్చేదాకా నేను గూడ ఎత్త."