ఏసీ ఎవరు కట్టేశారు?

పోయిన మనిషి ఎప్పుడు పోయాడో నిమిషంతో సహా చెప్పమంటాడు మా ఇన్‌స్పెక్టరు. శవాన్ని కోసి చూడటం నా ఉద్యోగం, జాతకం చెప్పడం కాదు మహానుభావా అంటే చెవికెక్కదు.

ఈసారి ఆయనే లెక్క తేల్చుకుని మరీ వచ్చాడు. ఒంటరిగా ఉండే పెద్దాయన. తలకి దెబ్బ. పడ్డాడో, ఎవరైనా తోశారో తెలీదు. మంగళవారం పొద్దున తలుపు పగలగొడితే దొరికాడు. ఆదివారం రాత్రి కొడుకు వచ్చి నానా మాటలూ అన్నాడని పక్కింటివాళ్లు చెప్పారు. నాన్న అసలు తలుపే తీయలేదు, బయట్నుంచే అరిచి వెళ్లిపోయానని కొడుకు మొత్తుకుంటున్నా వినకుండా లాకప్పులో పడేశాడు.

"పొట్ట ఇప్పుడిప్పుడే పచ్చబడుతోంది. అంతకుముందు పోయుంటే ఈ ఎండలకి పురుగు పట్టేది. ఆదివారమే! రాసెయ్యండి మేడమ్," అన్నాడు.

ఈ ఎండల్లో మూసిన గదిలో ఉంటే, ఆదివారం పోయినా ఒళ్లు ఈపాటికి ఉబ్బాలి. ఈయనకి పెదవులు, వేళ్ల కొసలు ఎండి బిగుసుకుపోయాయి.

"గదిలో ఏసీ ఉందా?"

"ఉంది. కట్టేసే ఉంది."

నాకు నమ్మకం కలగలేదు. అందరికంటే ముందు లోపలికెళ్లిన కానిస్టేబుల్ని పిలిపించాను.

"వెళ్లగానే వణుకొచ్చింది మేడమ్. ఏసీ ఫుల్లుగా తిరుగుతోంది. గదిలో ఎవరూ లేరు కదా, కరెంటు దండగని కట్టేశా."

"ఎవరూ లేరా? మరి ఆయనెవరయ్యా!"

"ఆయన పోయారు కదా మేడమ్."

ఒళ్లు మండిపోయింది. స్టేషన్లో గోడగోడకీ 'కరెంటు ఆదా చేయండి' అని అంటించుకున్నారుగా, చేశాడు ఆదా! అంత చలిలో ఒళ్లు నిదానంగా పాడవుతుంది. పొట్ట ఇంతవరకూ పచ్చబడాలంటే శుక్రవారమో శనివారమో పోయుండాలి. అదే రాశాను. అదే రాశాను. ఇన్‌స్పెక్టరు మొహం మాడ్చుకుని వెళ్లి కొడుకుని వదిలిపెట్టాడు.

సాయంత్రం ఆ కొడుకు నా గదికొచ్చాడు. థాంక్స్ చెప్పడానికేమో అనుకున్నాను.

"నేను తలుపు బాదేటప్పటికే నాన్న..."

"పోయారు బాబూ."

"నువ్వు చచ్చినా నీ గడప తొక్కనని అరిచానండీ. వినలేదు కదా?"

"వినలేదు."

"అయితే నామీద కోపంతో తలుపు తీయకపోవడం కాదన్నమాట," అంటూ బెంచీ మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.