చాటలో దొరికిన కమ్మ

మరమగ్గాలు ఆడుతుంటే సత్తమ్మ తిట్లు సరిగా వినపడవు. అందుకని ఆమె ముందు మగ్గాలు ఆపించి, తర్వాత తిట్టడం మొదలుపెట్టింది.

"మా తమ్ముడు పంపిన నువ్వులు! మేనకోడలు అఖిల సారెకని పంపిండు. దుబ్బల పోస్తివి గదనే!"

"నేను పొయ్యలే అత్తమ్మా. నేను చూసేసరికే డబ్బా బోర్లపడున్నది," అంది చిన్నకోడలు నవీన.

"షెడ్డుల నువ్వు గాక ఇంకెవలుంటరు?" అని పెద్దకోడలు పద్మలత గడప మీద నిలబడి అందించింది. కట్టెల పొయ్యి మానేసి గ్యాసుకు మారినా, ఊదే అలవాటు మాత్రం ఆమెకు పోలేదు.

సిరిసిల్లలోని ఆ ఇంట్లో సారె సకినాలకు పిల్ల మేనమామ చేలో పండిన నువ్వులే వాడాలి. కొట్టు నువ్వులు ముట్టరు. సారె వెంట కరీంనగర్‌కు ఒక్క కోడలే పోతుంది, రెండోది మగ్గాలు చూసుకోవాలి. కొత్తగా అత్తింటికి వెళ్లిన అఖిల, చిన్నొదిననే పంపమని ఫోనులో బతిమాలింది. నవీనను ఆ ఇంట్లో మనిషిలా పలకరించింది ఆ ఒక్క ఆడబిడ్డే. చూడక నెల దాటింది.

"సకినాలు చుట్టే ఆడోళ్లు వచ్చేలోపు నువ్వులు మంచిగ చేసియ్యి. లేకుంటే సారెతోని పద్మ పోతది," అని సత్తమ్మ తీర్పు చెప్పింది.

"డిగ్రీ చదివింది గద, చేస్తది తియ్యుండ్రి," అంది పద్మలత.

నవీన నువ్వులన్నీ ఊడ్చి చాటకెత్తింది. నువ్వులతో పాటు దూది నూగు, ఇసుక, ఇనుప రజను కూడా వచ్చాయి. చాట చెరిగితే నూగు ఎగిరిపోయింది. అందులో కొంత గడప మీది యారాలి మొహాన పడింది. గాలి ఎటుందో నవీన ముందే చూసుకుంది.

కిందపడ్డ ఇనుప మొలలు ఏరడానికి షెడ్డులో సూదంటురాయి ఉంటుంది. దాన్ని నువ్వుల మీద తిప్పితే రజను మీసాల్లా పట్టుకుంది. మీసాల మధ్య ఏదో తళుక్కుమంది. నవీన దాన్ని లాగి కొంగున ముడేసుకుంది.

మిగిలింది ఇసుక. గిన్నెలో నీళ్లు పోసి గాలిస్తే నువ్వులు పైకి తేలాయి, ఇసుక అడుగున కూర్చుంది. పైవి పలచటి గుడ్డలోకి వంపింది. ఎలాగూ తడి పిండిలో కలిపేవే కాబట్టి ఎండే దాకా ఆగే పని లేదు.

సత్తమ్మ నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలింది. ఇసుక తగల్లేదు. అది ఆమెకు నచ్చినట్టు లేదు.

నవీన కొంగు ముడి విప్పింది. "గీ కమ్మ ఎవలిదో అత్తమ్మా?"

పద్మలత చెయ్యి చెవి మీదికి పోయింది. "నాదే! మా బాపు పెట్టిన బంగారం. ఇయ్యాల్నే పెట్టుకున్న. ఇటు తే!"

"నువ్వులల్ల దొరికింది అక్కా."

సత్తమ్మ పెద్దకోడలి వైపు తిరిగింది. "ఇయ్యాల పెట్టుకున్నది నువ్వులల్లకెట్ల పోయిందే? నువ్వేనా ఒలకబోసింది?"

"కాలు తట్టింది అత్తమ్మా... ఎత్తుదామని వంగిన..." పద్మలత నీళ్లు నమిలి, వెంటనే నవీన మీద పడింది. "బంగారం ముడేసుకొని కూసున్నవ్, దొంగదానా!"

"బంగారమైతే సూదంటురాయికి అంటదు అక్కా, ఇది అంటింది."

సత్తమ్మ సూదంటురాయి అందుకుని పెద్దకోడలి ముందు చెయ్యి చాపింది.

"రెండోది గూడ తియ్యి." తర్వాత నవీనతో, మొహం చూడకుండానే అంది, "పొద్దుగాల సారెతోని పోను తయారై ఉండు. నోరు మాత్రం ఇంట్లనే పెట్టి పో."