మీసం మీద టేపు

ఆసుపత్రిలో కట్లు కట్టే గదికి పద్దెనిమిదేళ్లుగా ఆవిడే నర్సు. వారానికి ఆరు రోజులు ప్లాస్టర్లు పీకడమే పని. కుయ్యిమనకుండా పీకుతుందని పేరు. చిన్నపిల్లలు కూడా ఆవిడ చేత్తో తీస్తేనే తీయించుకుంటామని పేచీ పెడతారు.

ఆ మంచి చెయ్యి చెడడానికి పది రోజుల క్రితం బీజం పడింది.

మొగుడుగారు కళ్లజోడు మర్చిపోయి బీమా ఆఫీసుకి వెళ్లాడు. ఇచ్చొద్దామని వెళ్లి, గుమ్మంలోంచి ఫోన్ చేసింది. లోపల ఆయన బల్ల మీద గురక మోగింది. అలాంటిలాంటి గురక కాదు, రోడ్డు రోలరు ఎత్తు ఎక్కుతున్నట్టు. ఆవిడ ఒళ్లు మరిచి పడుకున్న ఏ మధ్యాహ్నమో రికార్డు చేసి, ఆవిడ నంబరుకే రింగ్‌టోన్ పెట్టుకున్నాడు మహానుభావుడు.

"సార్, ఇంటి నుంచి ఇంజను బయల్దేరింది!" అన్నాడు క్యాషియరు. సెక్షనంతా పగలబడింది. బాగుందని నలుగురు తమ ఫోన్లలోకి కూడా ఎక్కించుకున్నారట. క్యాషియరైతే దాన్నే అలారం పెట్టుకుని లేస్తాడట. అంటే తన గురక రోజూ పొద్దున్నే ఓ పరాయి మగాడి తలగడ పక్కన మోగుతోంది.

"తీసేయండి. వాళ్ల చేతా తీయించండి," అంది ఆ సాయంత్రం.

"జోకే, జోకు! గురక పెట్టేది నువ్వు, సిగ్గుపడాల్సింది నేనా?"

నిజానికి ఆవిడది పిల్లనగ్రోవి అయితే ఆయనది బ్యాండు మేళం. డాక్టరు ఆయన్ని పరీక్ష చేసి, "నిద్రలో ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోంది, కొద్దిగానే. బరువు తగ్గండి, పక్కకి తిరిగి పడుకోండి, మళ్లీ రండి," అన్నాడు. మూడూ ఒళ్లొంచాల్సిన పనులు కాబట్టి ఆయన ఓ వీడియో చూశాడు. నోటికి టేపు వేసుకుంటే గురక మాయం. అందుకో ప్రత్యేకమైన టేపు అమ్ముతారు కూడా.

"నోరు మూసుకోడానికి కూడా డబ్బులు పెట్టాలా?" అని శనివారం రాత్రి ఆవిడ సంచీలో చెయ్యి పెట్టాడు.

"అయ్యో, అది వద్దండీ, అది..."

"నువ్వు నర్సువి, డాక్టరువి కాదు. టేపంటే టేపే!"

ఆవిడ మిగతా మాట మింగేసింది. మింగిన మాటేమిటంటే, అది రోగులకి పెట్టిన గొట్టాలు కదలకుండా అంటించే టేపు. చెమటకీ ఎంగిలికీ ఊడదు. వెంట్రుకలుంటే ముందు గొరిగి మరీ వేస్తారు. ఆయనకేమో ఇరవై రెండేళ్లుగా పెంచిన మీసం ఉంది. కన్నబిడ్డలకి కూడా అంత పోషణ జరగలేదు.

ఆదివారం తెల్లారాక బాత్రూంలోంచి "మ్మ్! మ్మ్మ్!" అని వినిపించింది.

ఆవిడ తాపీగా వెళ్లి ఆయన వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టింది. తొంభై ఏడు.

"ముక్కు శుభ్రంగా ఆడుతోంది. ప్రాణానికి ఢోకా లేదండీ. మీసానికే."

కుర్చీ వేసి కూర్చోబెట్టింది. దూదీ, నూనె సీసా తెచ్చి తన ఒళ్లో పెట్టుకుంది. "నూనె నానితే వెన్నలా వచ్చేస్తుంది. ముందు ఆఫీసు గ్రూపులో క్షమాపణ రాయండి. ఆ నలుగురూ చెరిపేశామని చెప్పాలి." పెళ్లయ్యాక ఆవిడ మాట ఆయన మధ్యలో దూరకుండా పూర్తవడం అదే మొదటిసారి. రుచిగా అనిపించి ఇంకో నాలుగు మాట్లాడింది.

ఆయన టైపు చేశాడు: 'మా ఆవిడ కాస్త సెన్సిటివ్. సరదాగా పెట్టినదాన్ని...'

ఆవిడ సీసా మూత బిగించింది. ఎడమ కొస పట్టుకుని, "నొప్పి ఉంటే చెప్పండి," అంది అలవాటుగా. చెప్పే వీలు ఆయనకి లేదు. చర్రున లాగింది. నారు పీకినట్టు సగం మీసం వరసగా లేచొచ్చింది.

"రాక్షసీ!" అన్నాడు తెరుచుకున్న సగం నోటితో.

"కుడివైపు ఇంకా ఉందండీ."

సగం నోరు దానంతటదే మూతపడింది. ఈసారి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాడు: 'నిద్రలో ఉన్న మా ఆవిణ్ణి దొంగచాటుగా రికార్డు చేశాను. తప్పు నాది. వెంటనే చెరిపి ఇక్కడ చెప్పండి. నా గురక అంతకంటే పెద్దది. డాక్టరు రాసిన కాగితం కూడా ఉంది.'

మేనేజరు చెరిపేశానన్నాడు. టైపిస్టు చెరిపేశానన్నాడు. అటెండరు రెండు దండాలు కూడా పెట్టాడు. క్యాషియరు దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

"ఫోన్ చేయండి."

నాలుగుసార్లు చేశాడు. ఎత్తలేదు. "ఆదివారం వాడు అలారం పెట్టుకోడే! ఏ పన్నెండింటికో లేస్తాడు," అన్నాడు ఏడుపు గొంతుతో.

"పాపం, పడుకోనీండి." ఆవిడ దూదీ, నూనె సీసా పక్కన పెట్టి, లేచి వంటింటి వైపు నడిచింది. "టీ పెడుతున్నా, తాగుతారా? ఎడమవైపు నుంచి పడుతుంది."